పిస్టన్ మీద అంకె

నాన్న సంవత్సరీకానికి తెనాలి వెళ్ళాను. బంధువులంతా భోజనాలు చేసి వెళ్ళిపోయాక, మిగిలిన విస్తరాకుల కట్ట లోపల పెడదామని పెరటి వసారాలోకి వెళ్ళాను. అక్కడ ఊడదీసిన మంచం పట్టెలు, చిల్లుపడ్డ గంగాళం, వాటి వెనక రెండు గోనెపట్టాలు కప్పుకుని నాన్న జావా మోటారు సైకిలు. పట్టా ఒక పక్కకి లాగాను. ఎందుకో తెలీదు, పెట్రోల్ ట్యాంకు మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

పెట్రోలు ఎప్పుడో ఆవిరైపోయింది. అడుగున జిగురులా ఆయిలు మాత్రం మిగిలింది. ఆ వాసన తగలగానే నాన్న చొక్కా కళ్ళ ముందుకొచ్చింది. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే ఆ తెల్ల చొక్కాలోంచి ఫినాయిలు, గేదెల కొట్టం, కాలవగట్టు దుమ్ము, వీటన్నిటి మీదా పెట్రోల్‌లో కలిపే టూ-టీ ఆయిల్ పొగ కలిసి వచ్చేవి. అమ్మ ఆ చొక్కాని మిగతా బట్టల్లో కలపకుండా విడిగా నానబెట్టేది.

నాన్న పోయిన రోజు అందరూ ఏడుస్తుంటే నేను పనులు చూసుకుంటూ ఉండిపోయాను. ఏడాది తర్వాత, ఆ మూత చేత్తో పట్టుకుని ఏడ్చాను.

*

నాన్న పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఊళ్ళల్లో మాత్రం అందరూ డాక్టరుగారనే పిలిచేవారు. తిరుగుడు ఉద్యోగం. అందుకే సెకండ్ హ్యాండ్‌లో ఈ జావా 250 కొన్నారు. చెకోస్లోవేకియా డిజైనుతో మైసూరులో ఐడియల్ జావా వాళ్ళు చేసిన బండి. 1973 నుంచి వాళ్ళ బళ్ళకి యెజ్డీ అని పేరొచ్చింది. మాది ఆ పేరు రాకముందుది.

పొద్దున్నే ఆరింటికి బండి బయటికొచ్చేది. ముందు గుడ్డతో ట్యాంకు తుడిచేవారు. మెరూన్ రంగు ట్యాంకు, రెండు పక్కలా క్రోము. ఆ క్రోములో మా మొహాలు సాగిపోయి కనిపించేవి. తర్వాత పెట్రోల్ కాక్ తిప్పి, కార్బొరేటర్ పక్కనున్న బుడిపెను రెండుసార్లు నొక్కేవారు. జావాకి కిక్ రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. ఎడమ పక్కనున్న ఆ రాడ్డును లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్. బండి స్టార్టయ్యాక ముందుకు తెస్తే మళ్ళీ గేరు. తాళంచెవి మేకులా ఉండేది. కొత్తవాళ్ళెవరైనా బండి అడిగి తీసుకుంటే, కిక్ ఎక్కడుందో చూపించడానికి నేను వీధి గుమ్మం దాకా పరిగెత్తేవాణ్ణి.

మొదటి కిక్కుకి ఒక దగ్గు. రెండో కిక్కుకి అందుకునేది. సిలిండర్ ఒకటే అయినా సైలెన్సర్లు రెండు. ఆ రెండింట్లోంచి లేత నీలం పొగ జామచెట్టు కింద దాకా పాకేది. నాన్న వెంటనే ఎక్సలేటర్ ఇచ్చేవారు కాదు. "ఇప్పుడే నిద్ర లేచింది, మొహం కడుక్కోనీ" అనేవారు. ఆ రెండు నిమిషాలూ డగ్... డగ్‌డగ్... డగ్ అని, ఒకసారి అంటుకుని ఒకసారి అంటుకోకుండా, తడబడుతూ తిరిగేది. ఆ తడబాటు సర్దుకున్నాక కాలు పైకెత్తి కూర్చునేవారు.

తొలకరికి ముందు గొంతువాపు టీకాల రోజుల్లో ఐస్ వేసిన మందుల డబ్బా వెనక కట్టుకుని బయల్దేరేవారు. బడి లేని రోజుల్లో నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకునేవారు. కాళ్ళకి ఇంజిన్ వేడి తగిలేది. కాలవ పక్కనే రోడ్డు. దుగ్గిరాల వైపు వెళ్తే, పసుపు ఉడకబెట్టే కాలంలో ఆ వాసన మైలు దూరం నుంచే ఎదురొచ్చేది. తిరిగొచ్చేసరికి చీకటి పడేది. ఆ బండిది 6 వోల్టుల డైనమో. ఇంజిన్ నెమ్మదిస్తే హెడ్‌లైటు కూడా ఎర్రబడి దీపంలా అయిపోయేది. మలుపు వచ్చినప్పుడల్లా నాన్న క్లచ్ పట్టి ఎక్సలేటర్ తిప్పి వెలుతురు తెచ్చుకునేవారు. ఆ వెలుతురులో గట్టు మీద తుమ్మచెట్లు ఒక్కసారి లేచి నిలబడి మళ్ళీ చీకట్లో కూర్చునేవి.

ఒకసారి గేదె కొమ్ము తగిలి నాన్న ఎడమ చెయ్యి వాచింది. ఆ వారమంతా క్లచ్ లివర్ ముట్టుకోకుండా నడిపారు. జావాలో అదొక సౌకర్యం, గేరు రాడ్డు కాలితో కదిపితే క్లచ్ దానంతటదే విడుతుంది. గేరు పడ్డాక కాలు మెల్లగా వదిలితే మళ్ళీ పట్టుకుంటుంది. వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కుడి చేత్తోనే బండి నడుపుకుంటూ వీధి మలుపు తిరిగిన నాన్న నాకు ఇప్పటికీ కనిపిస్తారు.

*

నేను పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో బండికి రెండు జబ్బులొచ్చాయి. రెండో గేరులో బరువు పడగానే గేరు జారిపోయేది. ఇంజిన్ ఒక్కసారిగా అరిచి, బండి మాత్రం ముందుకెళ్ళేది కాదు. రెండోది తెల్లటి పొగ. ఎంత దూరం నడిపినా తగ్గేది కాదు. పైగా గేర్ బాక్సులో ఆయిలు తగ్గిపోతోంది, కిందేమో ఒక్క చుక్క కారడం లేదు.

మేస్త్రి గారి షెడ్డు రైలు కట్టకి ఇవతల, వేపచెట్టు కింద. పైన రేకులు, నాలుగు సరుగుడు గుంజలు. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, పొగ మీద అరచెయ్యి పెట్టి వాసన చూశారు. "గేరాయిలు తాగుతోంది డాక్టరుగారూ. చైను పక్క క్రాంకు సీలు పోయింది" అన్నారు. నాకు అర్థం కాలేదని ఆయనకి అర్థమైంది. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. ఈ ఇంజిన్‌కి వాల్వులుండవు. సిలిండర్ గోడకే కిటికీలుంటాయి, పిస్టనే వాటికి తలుపు. పిస్టన్ పైకి వెళ్తే కింద, దాని కదలికతో తిరిగే క్రాంకు ఉన్న గదిలోకి పెట్రోలూ గాలీ వస్తాయి. కిందికి దిగితే ఆ గదిలో నొక్కుకుని పైకి పోతాయి. అంటే కింద గదితో కూడా ఊపిరి పీలుస్తుంది. ఆ గదికి ఎక్కడ సందున్నా తప్పుడు ఊపిరే. చైను పక్క సీలు పోతే గేరాయిలు పీల్చి పొగ కక్కుతుంది. డైనమో పక్క సీలు పోతే వట్టి గాలి పీల్చి వేడెక్కుతుంది.

ఇన్నేళ్ళలో ఎన్నో పుస్తకాలు చదివాను. టూ-స్ట్రోక్ ఇంజిన్ గురించి అంతకన్నా బాగా చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు.

"సీలు కోసం ఎలాగూ సగం విప్పాలి. గేరు కోసం మిగతా సగం. పూర్తిగా దించేద్దాం" అన్నారు మేస్త్రి గారు. నాన్న నా వైపు చూసి, "వీడు సెలవుల్లో ఖాళీ. నీ దగ్గర ఉంచుకో" అన్నారు. అలా ఆ వేసవి ఆ షెడ్డులో గడిచింది. అక్కడ నా వయసు కుర్రాడే ఒకడు హెల్పరుగా ఉండేవాడు. మొదటి రోజు వాడు నాకు నేర్పింది ఒక్కటే, కిరసనాయిలు పళ్ళెంలో చేతులు పెట్టేముందు మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకోవాలని.

మేస్త్రి గారి పద్ధతి కటికది. విప్పిన ప్రతి ముక్కా గోనెపట్టా మీద, విప్పిన వరసలోనే పడుకోవాలి. ఎవరూ దాటకూడదు. కవరు బోల్టుల కోసం అట్టముక్క మీద కవరు బొమ్మ గీసి, ఏ బోల్టు ఏ కన్నంలోదో అక్కడే గుచ్చేవారు. "పొడుగు బోల్టు పొట్టి కన్నంలో పెట్టి బిగిస్తే కేసు పగులుతుంది. అప్పుడు ఏడ్చి లాభం లేదు."

డైనమో ముందు వచ్చింది. తర్వాత చైను పక్క కవరు. క్లచ్ ప్లేట్లకి కార్కు బిళ్ళలు, ఆయిల్లో నాని చాక్లెట్ రంగుకి తిరిగాయి. క్లచ్ డ్రమ్మూ, క్రాంకు మీది పళ్ళచక్రమూ, రెంటినీ కలిపే ప్రైమరీ చైనూ మూడూ ఒకేసారి బయటికి రావాలి. పుల్లర్ బిగించి మేస్త్రి గారు సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే, టక్కుమని చక్రం వదిలింది. ఆ టక్కు కోసం ఇద్దరు పిల్లలం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

కేసు రెండు ముక్కలుగా, నిలువునా విడుతుంది. హెల్పరు కుర్రాడు స్క్రూడ్రైవర్ సందులో పెట్టబోతే మేస్త్రి గారు చెయ్యి పట్టుకున్నారు. "అక్కడ ఒక్క గీత పడితే జన్మంతా గాలి పీలుస్తుందిరా." చెక్క సుత్తితో చుట్టూ తట్టారు, తట్టారు, అరగంట తట్టారు. చివరికి కొబ్బరికాయ చెక్కల్లా విడిపోయింది. లోపల నాలుగు గేర్ల వరస, ఆయిలు మెరుపుతో. రెండో గేరు పక్కనున్న డాగ్‌లు చూపించారు. ఒక గేరు ఇంకోదాన్ని పట్టుకునే కొక్కేలవి. చదునుగా, మూలలు పదునుగా ఉండాలి. మావి పిల్లలు చీకిన బెల్లం ముక్కల్లా గుండ్రంగా అరిగిపోయాయి. పట్టుకోవడానికి మూల లేదు, అందుకే జారిపోతోంది.

సాయంత్రం ఇంటికెళ్తే అమ్మ కుంకుడురసంతో చేతులు తోమించి, గోళ్ళు వాసన చూసి గానీ అన్నం పెట్టేది కాదు.

*

క్రాంకూ, బ్యారెలూ (సిలిండరు) సంచిలో వేసుకుని మేస్త్రి గారితో బస్సులో విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. అంత చప్పుడు నేను అంతకుముందు వినలేదు. లారీ చాసిస్‌ల మీద సమ్మెటలు, గ్రైండింగ్ నిప్పురవ్వలు, రోడ్డు మీదే పరుచుకున్న ఇంజిన్లు. ఆ చప్పుడు మధ్యలో ఒక గదిలో లేత్ మిషన్ ముందు ఒక పెద్దాయన నిశ్శబ్దంగా కూర్చుని క్రాంకులు సరిచేసేవాడు.

జావా క్రాంకు ఒకే ముక్క కాదు. రెండు బరువైన చక్రాలు, మధ్యలో పిన్ను, దాని మీద రోలర్లు, కనెక్టింగ్ రాడ్డు, అన్నీ ప్రెస్సు మీద నొక్కి కలిపినవే. పాత పిన్ను ఊడదీసి కొత్తది నొక్కాక, ఆ రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద తిరగాలి. ఆయన దాన్ని సెంటర్ల మధ్య పెట్టి, డయల్ గేజ్ ముల్లు ఆనించి, చేత్తో మెల్లగా తిప్పేవాడు. ముల్లు ఊగిన చోట సుద్దముక్కతో గీత. ఆ గీత మీద రాగి సుత్తితో ఒక దెబ్బ. మళ్ళీ తిప్పడం. గంటన్నర తర్వాత ముల్లు దాదాపు కదలడం మానేసింది. ఆయన సుత్తి కింద పెట్టి బీడీ వెలిగించాడు. మేస్త్రి గారు నవ్వారు. పని పూర్తయినట్టు ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

బోరింగ్ షాపులో పిస్టన్ తేకుండా బ్యారెల్ ముట్టుకోరు. పిస్టన్ కొలిచి, దానికి తగ్గట్టు బోరు కొడతారు. జావా అసలు బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 65 మిల్లీమీటర్లు. రీబోరు చేసిన ప్రతిసారీ పావు మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేస్తారు. మాది అప్పటికే ఒకసారి అయింది. ఈసారి 65.50. షాపువాడు డబ్బా తెరిచి పిస్టన్ నా చేతిలో పెట్టాడు. వెండిగిన్నెలా మెరుస్తోంది. నెత్తిన చిన్న అంకెలు గుద్ది ఉన్నాయి, 65.50 అని. తెనాలి దాకా బస్సులో ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఎన్నిసార్లు మూత తీసి ఆ అంకె చూశానో. పుట్టినరోజు తేదీలా అది నా బుర్రలో ఉండిపోయింది.

బిగించడం నాకు విప్పడం కన్నా ఇష్టమైంది. అల్యూమినియం కేసును కిరసనాయిల్ స్టవ్ మీద వేడిచేసి, నీళ్ళ చుక్క వేస్తే అది గెంతాలి. అప్పుడు చల్లటి బేరింగ్ వేస్తే తనంతట తానే జారి, అడుగున టిక్కుమని కూర్చుంటుంది. వేడి తక్కువైతే సగంలో ఇరుక్కుంటుంది, ఎక్కువ సేపు ఆలోచిస్తే ఇరుక్కుంటుంది. ప్యాకింగ్ కాగితం కేసు మీద పరిచి, గుండ్రటి సుత్తితో అంచుల మీద చిన్నగా కొడుతూ పోతే కేసు ఆకారం దానికదే తెగివచ్చేది. షెల్లాక్ రాసి అతికించేవాళ్ళం. పిస్టన్ రింగు గాడిలో చిన్న మేకు ఉంటుంది. రింగు మూతి సరిగ్గా ఆ మేకు దగ్గరికి రావాలి, లేకపోతే మూతి తిరిగి తిరిగి సిలిండర్ కిటికీలో తట్టుకుని విరుగుతుంది. పిస్టన్ పిన్ను దూర్చడానికి పిస్టన్‌ని మరిగే నూనెలో వేసి తీశారు. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు విడిచే క్షణం కోసం సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం మధ్యలో పెట్టి లాగుతూ, క్రాంకు తిప్పుతూ చూశారు. కాగితం ఎప్పుడు వదులైతే అప్పుడు పాయింట్లు తెరుచుకున్నట్టు.

బండి అప్పగించేటప్పుడు మేస్త్రి గారు నాన్నతో కాకుండా నాతో చెప్పారు. "బుల్లెట్‌కైతే ఆయిలు కడుపులో ఉంటుంది. దీనికి ఏ పూట తిండి ఆ పూట పెట్రోల్‌తోనే రావాలి. ముందు కొన్నాళ్ళు లీటరుకి 50 మిల్లీలీటర్లు, తర్వాత 40. పెట్రోల్ ఉండి ఆయిలు లేకపోయిందనుకో, పస్తు పెట్టి పరిగెత్తించినట్టే." నాన్న జేబులో పుస్తకం తీసి రాసుకున్నారు. నేను రాసుకోలేదు. నాకు గుర్తుంటుందనుకున్నాను.

*

ఇంజినీరింగ్ సీటొచ్చి హాస్టల్‌కి వెళ్ళడానికి ముందు రోజు. కొల్లూరులో ఉన్న స్నేహితుడికి చెప్పి వద్దామని నాన్నని బండి అడిగాను. బంకులో పెట్రోల్ పోయించాక కుర్రాడు టూ-టీ పంపు లివర్ రెండుసార్లు లాగి, అయిపోయిందన్నాడు. పక్క కొట్లో డబ్బా దొరికేది. పావుగంట పట్టేది. ట్యాంకులో పాతది కాస్త ఉంటుందిలే అనుకుని కిక్ కొట్టాను.

వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు ఇంజిన్ చప్పుడు సన్నబడింది. సైలెన్సర్ల వెనక పొగ లేదు. కాలవ వంతెన ఎక్కుతుంటే ఎవరో వెనకనుంచి పట్టి లాగినట్టు బండి బిగుసుకుంది, కీచుమని వెనక టైరు ఈడ్చుకుపోయి ఆగింది. మండుటెండలో సిలిండర్ దగ్గర చెయ్యి పెట్టలేకపోయాను. అరగంట వంతెన మీద కూర్చున్నాను. చల్లారాక కిక్ కదిలింది, స్టార్టయింది. లోపల ఏదో గిలక్కాయలా కొట్టుకుంటోంది. మెల్లగా ఇంటికొచ్చి, స్టాండు వేసి, తాళం మేకుకి తగిలించాను.

అప్పటికి తెనాలిలో ఏం జరిగిందో నాకంటే బాగా తెలిసిన పిల్లాడు ఇంకొకడు ఉండడు. అయినా నోరు తెరవలేదు. మర్నాడు తెల్లవారుజామున నాన్న నన్ను రిక్షాలో స్టేషన్‌కి తీసుకెళ్ళారు. రైలు కదిలేదాకా చెప్పాలనే అనుకున్నాను.

వారానికి మొదటి కార్డు వచ్చింది. అమ్మ క్షేమం, తమలపాకు తీగ, ఇంటి ముందు వాన నీళ్ళు. చివర్న ఒక ముక్క, "బండి బాగుంది." తర్వాత వచ్చిన ప్రతి కార్డులోనూ ఆ ముక్క ఉండేది. బండి బాగుంది. ఏం కాలేదన్నమాట అనుకున్నాను. అలా అనుకోవడం నాకు హాయిగా ఉండేది, అందుకే మళ్ళీ దాని గురించి ఆలోచించలేదు.

*

సంవత్సరీకం అయిన మర్నాడు షెడ్డు వెతుక్కుంటూ వెళ్ళాను. వేపచెట్టు లేదు. మేస్త్రి గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆనాటి హెల్పరు కుర్రాడే ఇప్పుడు మేస్త్రి. చుట్టూ స్కూటీలు, ఫోర్-స్ట్రోక్ బళ్ళు. నన్ను చూసి, చేతులు తుడుచుకుని, "డాక్టరుగారి జావా ఉందా, అమ్మేశారా?" అన్నాడు మొదటి మాటగా. ఉందన్నాను. రేపు తోసుకురా అన్నాడు.

రెండు వారాలు సెలవు పెట్టాను. పొద్దున వాడి పనులు, రాత్రి ఏడు తర్వాత మా జావా. గోనెపట్టా పరిచాడు. అట్టముక్క మీద కవరు బొమ్మ గీశాడు. నేను చూస్తూ ఉండిపోయాను. గీసేటప్పుడు పెన్సిలు నాలుక మీద తడిచేసుకోవడం కూడా మేస్త్రి గారిదే.

ఇంజిన్ పట్టేసి ఉంది. ప్లగ్గు తీసి, కన్నంలో కిరసనాయిలూ ఆయిలూ కలిపి పోసి మూడు రోజులు వదిలేశాం. నాలుగో రాత్రి వదిలింది. హెడ్డు తీశాం. పిస్టన్ నెత్తిన బొగ్గు, వేలి గోరంత మందాన పేరుకుపోయింది. చెక్కముక్కతో గీస్తుంటే కింద లోహం బయటపడింది. అంకెలు కనిపించాయి.

65.75.

గుడ్డతో తుడిచి మళ్ళీ చూశాను. నేను ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది 65.50. నాకు తెలియకుండా ఇంకోసారి బోరు అయింది.

"ఇదెప్పుడు?" అన్నాను.

వాడు నా మొహం చూశాడు. "నీకు తెలీదా?" కాసేపు ఆగి చెప్పాడు. నేను కాలేజీకి వెళ్ళిన నాలుగో రోజు. నాన్న బండి తోసుకుంటూ వచ్చారట, చొక్కా తడిసిపోయి. మేస్త్రి గారు బ్యారెల్ లేపి చూస్తే పిస్టన్ పక్కలు గీరుకుపోయి, ఆ అల్యూమినియం సిలిండర్ గోడకి వెన్నలా అంటుకుపోయి ఉంది. ఆయిల్ లేకుండా నడిపిన ఇంజిన్ అలాగే ఉంటుంది, ఇంకేం అడగక్కర్లేదు. ఎవరు నడిపారు డాక్టరుగారూ అని అడిగారట మేస్త్రి గారు.

"నేనే. ఆయిలు పోయించడం మర్చిపోయాను" అన్నారట నాన్న.

ఆయన వెళ్ళిపోయాక మేస్త్రి గారు పిస్టన్‌ని చేతిలో తిప్పి చూస్తూ, "ఆ మనిషి ఆయిలు మర్చిపోతాడా" అని మాత్రం అన్నారట. తర్వాత ఆ మాట షెడ్డులో ఎవరూ ఎత్తలేదు. పదిహేను రోజులు నాన్న అద్దె సైకిలు మీద టీకాలకి తిరిగారు. నేను ఇంటికి రాసిన ఉత్తరాల్లో హాస్టల్ కూర బాలేదని రాసిన రోజులవి.

నేనేం మాట్లాడలేదు. వాడు లేచి వెళ్ళి టీ తెచ్చాడు. ఆ రాత్రి ఇంకేమీ విప్పలేదు.

*

మిగతా పని మామూలుగా సాగింది. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడ్డా, ఈ బళ్ళని వదలని వాళ్ళు ఊరూరా ఉన్నారు. ఏటా జులై రెండో ఆదివారం జావా యెజ్డీ దినమని చేసుకుంటారు కూడా. వాళ్ళలో ఒకాయన ద్వారా సీళ్ళు, కార్కు ప్లేట్లు, మంచి డాగ్‌లున్న పాత గేరు సెట్టు దొరికాయి. 66.00 పిస్టన్ కూడా. ఆటోనగర్‌లో రాగి సుత్తి పెద్దాయన గది ఉన్నచోట ఇప్పుడు స్పేర్ పార్ట్స్ గోడౌన్ ఉంది. ఇంకో వీధిలో ఒక కుర్రాడు క్రాంకు సరిచేశాడు. వాడి చేతిలోనూ రాగి సుత్తే. బాగా చేశాడు. గంటన్నర పట్టలేదు గానీ ముల్లు అలాగే కదలకుండా నిలబడింది.

కేసు వేడిచేసి బేరింగ్ వేసే పని వాడు నాకిచ్చాడు. నీళ్ళ చుక్క గెంతింది. బేరింగ్ వదిలాను. టిక్.

క్లచ్ సర్దడానికే రెండు రాత్రులు పట్టింది. చేతి లివరూ, గేరు రాడ్డుతో విడిపోయే ఏర్పాటూ రెండూ ఒకే సమయానికి పనిచేయాలి. ఒకటి ముందైతే బండి నిలబడ్డచోటే పాకుతుంది. స్క్రూ పావు చుట్టు తిప్పడం, కాలితో చూడటం, మళ్ళీ పావు చుట్టు. మేస్త్రి గారైతే గేరు రాడ్డు మీద వేలు పెట్టి, కళ్ళు మూసుకుని చెప్పేసేవారు. మా ఇద్దరికీ అది రాలేదు.

పాత 65.75 పిస్టన్‌ని కిరసనాయిల్లో కడిగి, గుడ్డలో చుట్టి నా బ్యాగులో పెట్టుకున్నాను.

పధ్నాలుగో రోజు సాయంత్రం బండిని ఇంటికి తోసుకొచ్చాను. కిక్ మొదట వాకిట్లోనే కొట్టాలని నాకుంది. బంకుల్లో టూ-టీ పంపు ఇప్పుడెక్కడా కనిపించలేదు. డబ్బా కొన్నాను. పెట్రోల్ రెండు లీటర్లు క్యానులో తెచ్చుకున్నాను. అమ్మ మందుల సీసా మీద ఉండే కొలత మూత అడిగి తీసుకుని, జామచెట్టు కింద కూర్చుని కొలిచాను. లీటరుకి 50. రెండు లీటర్లకి 100. ఒక్కో మూతా క్యానులో వంచి, మూతి మూసి, బాగా కుదిపి, ట్యాంకులో పోశాను.

అమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. మోకాళ్ళ నొప్పులతో ఈమధ్య బయటికి రావడం లేదు, ఆ రోజు వచ్చింది. నేను కాక్ తిప్పి, బుడిపె రెండుసార్లు నొక్కి, రాడ్డు వెనక్కి తిప్పి దాని మీద కాలు పెట్టాను.

"ఆయిలు పోశావా?" అంది అమ్మ.

కాలు అలాగే ఆపి ఆవిడ వైపు చూశాను. అమ్మ నా వైపు చూడటం లేదు. బండి వైపే చూస్తోంది.

"పోశానమ్మా" అన్నాను.